మన ఇంటి మడమ

వదిన కుట్టుమిషను ముందునుంచి లేచి వెనకగదివైపు రెండడుగులు వేసింది. పొయ్యి మీద గిన్నె పొంగుతోంది. మూత పక్కకి జరిగి, నీళ్లు మంట మీద పడి చుయ్యిమంటున్నాయి.

“నువ్వు కూర్చో. నేను చూసుకుంటాలే,” అంది అమ్మ, గోడ పట్టుకుని లేస్తూ.

చెయ్యి చాపితే వదినకి మూత అందుతుంది. అయినా వెనక్కి వచ్చి కూర్చుంది. అమ్మ మోకాళ్లు సర్దుకుని పొయ్యి దగ్గరకి చేరేలోపల గిన్నె ఇంకో రెండుసార్లు పొంగింది.

ముందుగదిలో పని, వెనకగదిలో వంట. మధ్యలో గుమ్మమే గాని తలుపు లేదు. అందువల్ల తోలు వాసన కూరకీ, కూర వాసన తోలుకీ అంటుకునేవి. అన్నయ్య గుండెపోటుతో పోయి రెండు నెలలు దాటింది. ఈ మధ్య ఆ గదుల్లో తోలు వాసన ఒక్కటే ఉంటోంది.

అన్నయ్య తర్వాతివాడు, ఇంటి చిన్నవాడు, పీట మీద కూర్చుని బూటు అడుక్కి కుట్టు వేస్తున్నాడు. ఆరెతో కన్నం పొడిచి, మైనం రాసిన దారాన్ని రెండువైపులనుంచీ ఎదురెదురుగా దూర్చి, మోచేతులు బయటికి చాచి బిగిస్తున్నాడు. అతను తలెత్తలేదు. తలెత్తితే ఎవరో ఒకరి మొహం చూడాలి.

బస్సు కండక్టరు తన బూట్లకోసం వచ్చి గుమ్మంలోనే ఆగాడు. “ఏంటి పిన్నిగారూ, ఇవాళ కూడా ఆసుపత్రి భోజనమేనా? ఈ ఆవిరికి నా బూట్లు కూడా నీరసపడిపోతాయి.”

“నవ్వు నాయనా, నవ్వు. మొదట్నుంచీ ఇదే తినుంటే నా పెద్దాడు ఈపాటికి ఆ పీట మీద ఉండేవాడు.” అమ్మ గరిటెతో చూపించిన పీట ఖాళీగా ఉంది. “నా కోడలు అడిగింది అడిగినట్టు వేయించి పెట్టింది. వాడేమో లొట్టలేసుకుంటూ తిన్నాడు. నలభై ఆరేళ్లు! నూనె మింగేసింది వాణ్ణి.”

కండక్టరు టోపీ సరిచేసుకున్నాడు. మిషను మాత్రం ఆగలేదు. సూది తోలు అంచు దాటిపోయి, కింద ఏమీ లేకపోయినా టకటకా పొడుస్తూనే ఉంది. కొంతసేపటికి గానీ వదిన అది చూసుకోలేదు.

కండక్టరు వెళ్లాక అమ్మ కంచాలు పెట్టింది. ఉడికించిన కాబేజీ, ఉడికించిన బీన్సు, మీద చిటికెడు ఉప్పు.

“రేపు మీరిద్దరూ వెళ్లి పరీక్షకి రక్తం ఇచ్చి రండి,” అంది. “కాగితం మీద చూస్తే గానీ ఈ వీధికి నమ్మకం కుదిరేట్టు లేదు. నా చేతి తిండికి వీడి నెత్తురెంత శుభ్రపడిందో తేలాలి.”

“నాదెందుకత్తయ్యా?” అంది వదిన.

“ఎందుకేమిటి? పదహారేళ్లు నీ వంట నువ్వూ తిన్నావుగా. నీ ఒంట్లో ఎంత నిలవుందో అదీ తేలనీ.”

పన్నెండేళ్ల పిచ్చుక కంచంలో బీన్సుని వరసగా పేర్చి, ఆ వరసని మళ్లీ చెరిపేసింది. అన్నయ్య కూతురు. గింజలేరుకున్నట్టు తింటుందని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు అది. రెండు నెలల్లో గౌను భుజాలమీంచి జారేంత చిక్కింది.

వదిన కూతురి కంచం చూసింది. తర్వాత మరిదిని చూసింది. చిన్నవాడు నీళ్లు తాగాడు.

*

కాగితాలకోసం చిన్నవాడు ఒక్కడే వెళ్లాడు. డాక్టరమ్మ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, మొత్తం కొలెస్ట్రాల్ అంకెలు చూపించింది. మూడువందల ఇరవై ఆరు. నూట డెబ్బై రెండు.

“పేర్లు తారుమారై ఉంటాయండీ,” అన్నాడు చిన్నవాడు. “ఎక్కువున్నది మా వదినది అయ్యుండాలి.”

“అనుమానం వచ్చి రెండోసారి కూడా చూశాం. ఎక్కువ మీదే.”

“నేను నూనె ముట్టి రెండు నెలలైంది. అంతకుముందు కూడా పెద్దగా తినేవాణ్ణి కాదు. పెళ్లికొడుకుని చూడ్డానికి వచ్చినవాళ్లు నా నడుం చూసి, వీడికి ఇంట్లో తిండి పెట్టరేమో అని వెళ్లిపోయారు.”

ఆవిడ నవ్వింది గానీ కళ్లు కాగితం మీదే ఉన్నాయి. “మీ అన్నగారు ఎన్నేళ్లకి పోయారన్నారు?”

“నలభై ఆరు.”

“బూట్లు విప్పండి.”

అది వింతగా తోచింది. అతని వృత్తిలో ఆ మాట అనేది అతను. విప్పి, కుర్చీ మీద మోకాలు ఆనించి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. డాక్టరమ్మ మడమ పైన ఉండే లావుపాటి నరాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ తడిమింది. గట్టిగా, గడ్డలు గడ్డలుగా ఉన్నచోట ఆగింది.

“ఇది ఎప్పట్నుంచీ?”

“అదా? దాన్ని మా ఇంట్లో ‘మన ఇంటి మడమ’ అంటామండీ. అన్నయ్యకీ ఉండేది. పీట మీద కూర్చుని పని చేసేవాళ్లకి అంతే. అందుకే మా బూట్లకి వెనక అంచు తగ్గించుకుంటాం, లేకపోతే ఒరుసుకుంటుంది.”

“పీట వల్ల కాదు,” అంది ఆవిడ. “కొవ్వు పేరుకుంటే అలా అవుతుంది. కూర్చోండి, చెబుతాను.”

ఆవిడ తొందరపడకుండా చెప్పింది. నెత్తుట్లో తిరిగే చెడ్డ కొలెస్ట్రాల్‌ని కాలేయం లోపలికి లాగేసుకోవాలి. దానికి తలుపుల్లాంటివి ఉంటాయి. కొందరికి పుట్టుకతోనే ఆ తలుపులు సగం పనిచెయ్యవు. అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో వస్తుంది. లోపలికి పోవాల్సింది బయటే తిరుగుతుంది. పుట్టిన రోజునుంచీ, రోజుకింత చొప్పున, గుండెకి పోయే గొట్టాల గోడలకి పట్టుకుంటూ ఉంటుంది.

“అయితే తిండిది ఏమీ లేదా?”

“ఎందుకు లేదు? ఉంది. రెండు నెలల క్రితం చూసుంటే మీది ఇంకో ముప్పై ఎక్కువే ఉండేదేమో. మీ అన్నగారికీ ఆ వేపుళ్లు తోడై ఉంటాయి. ఒక జత బూట్లకి మొదట్లోనే తోలు పలచగా పడిందనుకోండి. రాళ్లదారిలో నడిస్తే తొందరగా పోతాయి, మంచి దారిలో నడిస్తే కొంచెం ఆగి పోతాయి. దారి మార్చినంత మాత్రాన తోలు మందం కాదు కదా.” రెండో కాగితం మీద వేలు పెట్టింది. “ఈవిడ అదే దారిలో పదహారేళ్లు నడిచారు. ఏమీ కాలేదు.”

చిన్నవాడు వంగి బూట్లు తొడుక్కోబోయి, ఎడమది కుడికాలికి పెట్టుకున్నాడు.

“మాత్రలు రాస్తాను, రోజూ వేసుకోవాలి. తిండి జాగ్రత్త కూడా మానొద్దు. రెండూ కలిస్తేనే దారికొస్తుంది. మీ అన్నగారి పాపని ఈ వారంలోనే తీసుకురండి. వచ్చే అవకాశం సగానికి సగం. ఇప్పుడే తెలిస్తే చాలా చెయ్యొచ్చు. మీ అమ్మగారున్నారుగా? ఆవిడకి కూడా చూద్దాం, ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది.”

*

“ఏమన్నారు?” అంది అమ్మ, అతను ఇంకా గుమ్మం దాటకముందే.

“ఇంకా రాలేదు కాగితాలు.”

ఆ మాట నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. కాగితాలు తోలు ఏప్రాను లోపల, కడుపుకి ఆనుకుని ఉన్నాయి. వంగినప్పుడల్లా మడతలు కరకరమంటున్నాయి. మిషను మోతలో అది ఎవరికీ వినపడదు. అయినా అతను వంగడం తగ్గించాడు. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ వంకర పోయింది. లేచి వీధి చివరిదాకా వెళ్లాడు. ఎందుకు వచ్చాడో గుర్తులేక మేకుల పొట్లం కొన్నాడు. దుకాణంలో అవే మేకులు డబ్బా నిండా ఉన్నాయి.

సాయంత్రం పిచ్చుక బడినుంచి వచ్చి, “బాబాయ్, నా బూట్లు కరుస్తున్నాయి,” అంది.

కాగితం పరిచి, పాదం పెట్టమని, చుట్టూ పెన్సిలుతో గీశాడు. పెన్సిలు మడమ వెనక్కి వచ్చాక చెయ్యి ఆగింది. రెండు వేళ్లతో నరం పట్టుకుని చూశాడు. సన్నగా, మెత్తగా ఉంది. ఊపిరి వదలబోయి ఆగిపోయాడు. ఆ వయసులో తనకీ, అన్నయ్యకీ కూడా అలాగే ఉండేదేమో!

“చక్కిలిగిలి పెడుతున్నావ్,” అని కాలు లాక్కుంది పిల్ల.

ఆ కొలత రాయడానికి పాత కొలతల పుస్తకం తీశాడు. తీసినవాడు వెనక పేజీల్లోకి వెళ్లాడు. ఇంట్లోవాళ్ల పాదాలన్నీ అందులో ఉన్నాయి. చనిపోయిన నాన్న చేతిరాత. అన్నయ్య పాదం పక్కన: ‘వెనక అంచు తగ్గించాలి. లోపల మెత్త వెయ్యాలి.’ తన పాదం పక్కనా అదే. నాన్న తన పాదం తనే గీసుకున్నాడు. గీత వణికింది గానీ పక్కన ఏమీ రాసి లేదు. యాభై ఏళ్లు ఇదే పీట మీద కూర్చున్న మనిషి.

ఇంకో పేజీ తిప్పాడు. చిన్న పాదం, ఆడమనిషిది. ‘వెనక అంచు తగ్గించాలి. మెత్త రెండు పొరలు.’

గుమ్మం అవతల అమ్మ పిచ్చుకకి క్యారెట్టు ముక్కలు పెడుతోంది. “తిను తల్లీ, తిను. ఇది తిన్నవాళ్లకి ఏ రోగమూ రాదు,” అంటోంది. కాళ్లకి వెనకపట్టీ లేని చెప్పులు. పట్టీ ఉంటే గుచ్చుకుంటుందని ఆవిడ ఎన్నేళ్లనుంచో వేయించుకోవడం మానేసింది.

చిన్నవాడు పుస్తకం మూసి, అరలో పెట్టి, మళ్లీ తీసి, ఇంకా పై అరలో పెట్టాడు.

*

మర్నాడు పదిగంటలకి వదిన దారం తెస్తానని వెళ్లి, దారం లేకుండా వచ్చింది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వదిన మిషను దగ్గరకి వెళ్లకుండా అతని ఎదురుగా, అన్నయ్య పీట మీద కూర్చుంది. అతను పోయాక ఆ పీట మీద ఎవరైనా కూర్చోవడం అదే మొదలు.

“నా కాగితం నేను తెచ్చుకున్నాను,” అంది. “‘నిన్ననే ఇచ్చేశామమ్మా, మీ మరిదికి’ అన్నారు. ఇంకోటి రాయించుకున్నాను.”

చిన్నవాడు సుత్తి కింద పెట్టాడు.

“నూట డెబ్బై రెండు బాగానే ఉన్నట్టట. రక్తం తీసిన అమ్మాయే చెప్పింది. నీదెంత?”

అతను ఏప్రాను లోపలినుంచి కాగితాలు తీసి ఇచ్చాడు. చెమటకి మెత్తబడిపోయాయి. ఆమె అంకె చూసింది. డాక్టరమ్మ చెప్పిందంతా అతను చెప్పాడు. తలుపుల సంగతి, మడమ సంగతి, పిల్లని తీసుకురమ్మన్న సంగతి. గొంతు తగ్గించి, మధ్యమధ్య పెరటివైపు చూస్తూ చెప్పాడు.

వదిన బల్ల మీది మేకుల్ని దగ్గరకి కూడదీసింది. “మరి నా నూనెది ఏమీ లేదా?”

లేదని అనెయ్యొచ్చు. ఆమె మొహం చూస్తే అలా అనాలనే ఉంది.

“కొంచెం ఉందట వదినా.”

“కొంచెం.” ఆమె తల ఊపింది. “వద్దండీ అనే అనేదాన్ని. ఇవాళొక్కరోజేనోయ్ అనేవారు. వేయించేదాన్ని. ఆ కొంచెం నేను మోస్తాను. మోయకుండా ఎక్కడికి పోతాను? అంతా మోయమంటే మాత్రం నా వల్ల కాదు, మరిదీ.”

రెండు నెలలుగా ఆమె అతన్ని ఏ పిలుపుతోనూ పిలవలేదు.

“పలకరించడానికి వచ్చినవాళ్లందరి ముందూ అన్నారు ఆవిడ. నా మొగుణ్ణి నా చేతులతో నేనే చంపుకున్నానని. నువ్వు అక్కడే ఉన్నావు. గోడకి ఆనుకుని.”

“ఉన్నాను.”

“నిన్న నీ దగ్గర కాగితం ఉంది. అప్పుడూ ఆనుకునే ఉన్నావు.”

అతను ఆరె చేతిలోకి తీసుకుని మొన చూశాడు. “అమ్మ నుంచి వచ్చింది వదినా. నాన్నకి లేదు. కొలతల పుస్తకం చూశాను. ఇది చెబితే ఆవిడ... కొడుకు పోయి రెండు నెలలు.”

“నాకు మొగుడు పోయీ రెండు నెలలే.”

పెరట్లో బకెట్టు చప్పుడైంది. వదిన లేచింది. “పిచ్చుకని రేపే తీసుకెళ్తాను. అది ఆగదు. ఆవిడకి చెప్పాల్సింది నువ్వు. నేను చెబితే నా నూనె నా చేత మాట్లాడించినట్టుంటుంది.”

*

ఆ రోజంతా అతను వాక్యాలు కుట్టుకుంటూ, విప్పుకుంటూ గడిపాడు. చివరికి ఒకటి కుదిరింది. అందులో వదిన మీద తప్పు లేదు. అమ్మ మీద కూడా లేదు. చచ్చిపోయినవాళ్లు అభ్యంతరం చెప్పరు.

దీపాలు పెట్టేవేళ కంచాలు వేశారు. అతను కూర్చోలేదు.

“అమ్మా, కాగితాలు వచ్చాయి.”

“ఊఁ, చెప్పు!” అమ్మ గరిటె పట్టుకునే తిరిగింది. మొహం విప్పారింది.

“వదినకి ఏమీ లేదు. నూట డెబ్బై రెండు. నాది మూడువందల ఇరవై ఆరు.”

“తిరగేసి చదువుతున్నావేమోరా.”

“తిరగేసి కాదు. పుట్టుకతో వచ్చిందట నాకు, అన్నయ్యకి కూడా అంతే. తిండి కొంచెం కలిసింది గానీ, అసలుది రక్తంలోనే ఉంది. పిచ్చుకకి కూడా చూడాలన్నారు.” కంచంవైపు చూపు తిప్పుకున్నాడు. “నాన్న వైపునుంచి వచ్చుంటుంది.”

వదిన చేతిలో నీళ్లగ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. అతనివైపే చూసింది.

అమ్మ గరిటెని గిన్నెలో పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

“మీ నాన్నకి డెబ్బై రెండేళ్లు,” అంది. “జ్వరంతో పోయాడు. పోయే వారం ముందు కూడా తోలుకట్ట భుజాన వేసుకుని మెట్లెక్కాడు. ఆయన మీదకి నెట్టకు.”

“నాన్నే అని కాదు, ఎటునుంచైనా...”

“మా పెద్దన్నయ్య ముప్పై తొమ్మిది.” అమ్మ ఎవరితోనూ మాట్లాడుతున్నట్టు లేదు. “సుత్తి చేతిలో ఉండగానే పక్కకి ఒరిగాడు. చిన్నన్నయ్య నలభై నాలుగు. బస్సు దిగుతూ. వాళ్లకి ఏ నూనె పోశారురా? మా ఇంట్లో వారానికోసారి కూడా బాణలి పొయ్యెక్కేది కాదు.”

చిన్నవాడు ఒక అడుగు ముందుకి వేశాడు.

“నీకు తెలుసా అమ్మా?”

“తెలియదు.” అమ్మ పొయ్యివైపు చూసింది. “తెలుసుకోవాలనుకోలేదు. నూనె అనుకుంటే... మానేస్తే సరిపోతుందనిపించింది. పొయ్యి నా చేతిలో ఉంటే నిన్నూ, దీన్నీ నిలబెట్టుకోగలననిపించింది.”

పిచ్చుక ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. “నాకేమైంది?” అంది.

“నీకేం కాలేదు. రేపు ఒక సూది గుచ్చుతారు, అంతే,” అంది వదిన. కూతురి కంచం ముందుకి జరిపింది. అమ్మవైపు చూడలేదు. ఆ రాత్రి చిన్నవాడు పక్క మీద అటూ ఇటూ దొర్లాడు. అవతలి గదిలో అమ్మ కూడా దొర్లుతున్నట్టు మంచం కిర్రుమంటూనే ఉంది.

*

పొద్దున వదిన, పిచ్చుక బయల్దేరేసరికి అమ్మ చెప్పులేసుకుని వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నలుగురూ నడిచారు. వదిన, పిల్ల ముందు. అమ్మ వెనక. మధ్యలో అతను, ఎవరితో కలిసి నడవాలో తెలియక ఒకసారి తొందరగా, ఒకసారి మెల్లిగా అడుగులు వేస్తూ.

పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లతో గది నిండిపోయింది. సగంమంది వాళ్ల వీధివాళ్లే. కండక్టరు బల్ల చివర కూర్చుని ఆవులిస్తున్నాడు. పాలబూత్ ఆవిడ చెయ్యి మడిచి దూది అదుముకుంటోంది. వీళ్లని చూసి ఇద్దరూ సర్దుకున్నారు. అమ్మ మాట ఆవేళ విన్నవాళ్లలో ఇద్దరూ ఉన్నారు.

బల్ల వెనక అమ్మాయి పిచ్చుక పేరు రాసుకుని తలెత్తింది. “ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా?”

చిన్నవాడు నోరు తెరిచాడు. వదిన కూడా ఏదో అనబోయింది.

“రాసుకో తల్లీ,” అంది అమ్మ. కూర్చున్న మనిషి లేచి నిలబడింది. “మా అన్నలిద్దరు. ముప్పై తొమ్మిదేళ్లకొకడు, నలభై నాలుగేళ్లకొకడు. నా పెద్దకొడుకు నలభై ఆరేళ్లకి. ఈ చిన్నవాడికీ ఉందని మొన్న తేలింది. వీళ్లందరికీ నా వైపునుంచే వచ్చింది.”

“అంత వివరం అక్కర్లేదమ్మా. ఉంది అని రాస్తే చాలు.”

“నాకు అక్కరుంది.” అమ్మ గొంతు పెంచింది. “నా కోడలు చంపిందని అందరి ముందూ అన్నాను. అబద్ధం. ఆ పిల్ల చేతి వంట ఆ పిల్లా తింది, దానికేమీ కాలేదు. తీసుకో, ముందు నా రక్తం తీసుకో.” జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, బల్ల మీద చెయ్యి చాపింది.

కండక్టరు నేలవైపు చూశాడు. పాలబూత్ ఆవిడ అదుముకున్న దూది జారిపోయినా చూసుకోలేదు.

వదిన లేచింది. “ఇక్కడ నీళ్లెక్కడున్నాయి?” అని ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది. ఎవరో పెరటి తలుపు చూపించారు. వెళ్లింది.

ముందు అమ్మది తీశారు. తర్వాత పిచ్చుక కళ్లు గట్టిగా మూసుకుని ఇచ్చింది, అరవలేదు. రేపు సాయంత్రానికి వస్తాయి కాగితాలు, అన్నారు. గది పలచబడింది. పెరటి కిటికీలోంచి కుళాయి కనిపిస్తోంది. వదిన మొహం కడుక్కుంటోంది. దోసిలి నింపుకోవడం, మొహాన కొట్టుకోవడం, మళ్లీ నింపుకోవడం. అన్నయ్య పోయిన రోజునుంచి ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. ఇప్పుడు కూడా కనిపిస్తున్నవి నీళ్లే.

చిన్నవాడు వెళ్లి పిలవాలని లేచాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“అమ్మ ఇంకా రాదేంటి?” అంది పిచ్చుక. “నాకు ఆకలేస్తోంది.”

“వస్తుంది,” అంది అమ్మ. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని బల్ల మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంది. “తొందరేమీ లేదు. ఎంతసేపైనా కానీ, వచ్చాకే వెళ్దాం.”

చిన్నవాడు కూర్చున్నాడు.